పొన్ను ఇంటి సొరపాదు

1957లో, దీపావళి వచ్చే ఐప్పసి నెలలో ఒక మంగళవారం పొద్దున, కోయంబత్తూరు పక్క అన్నూరుకు తూర్పున వాగు గట్టు మీద, పొన్ను గుడిసె కప్పుకు పాకిన సొరపాదును మొదలంటా కోసేశారు. కోసినవాడు మాణిక్కం. కొడవలి అతనిదే. కోయించింది మా అన్న సుబ్బరాయన్. పాదు మీద ఉన్న కాయల్లో ఒక్కటీ ముదరలేదు.

కోసేముందు ఇంటివాళ్ళను పిలవలేదు. పొన్ను నీళ్ళకు పోయింది. ఆమె మొగుడు ఆండి లోపల దగ్గుతూ పడుకుని ఉన్నాడు. కప్పు మీద ఆకులు కదిలితే పిల్లి అనుకున్నానని తర్వాత నాతో చెప్పాడు.

ఆ పాదు మీద మోపిన నేరం ఇది: దాని గాలి సోకి చుట్టుపక్కల చేలల్లో సొరకాయల రూపం మారిపోయింది. నేను అప్పుడు కోయంబత్తూరులో ఒక తమిళ దినపత్రికకు వార్తలు రాసేవాడిని. వీలు దొరికినప్పుడల్లా బస్సెక్కి ఇంటికి వచ్చేవాడిని. నేను చూసింది, విన్నది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మాది విత్తనాల అంగడి. తాత కాలం నుంచి అన్నూరు సంతవీధిలో ఉంది. వంగ, బెండ, మిరప అన్నీ అమ్మేవాళ్ళం గాని పేరు సొరగింజకే. మా సొర చేయి పొడుగు ఉంటుంది, మొదలు నుంచి కొస దాకా ఒకే లావు. ఆ గింజ బయట కొనేది కాదు. ఊరి బయట మాకు ఒక చేను ఉంది, దాన్ని గింజచేను అంటాం. అక్కడ కాసిన కాయను తీగ మీదే ఎండనిచ్చి, గింజ తీసి, విత్తులు వేసే ఆడి నెలలో రైతులకు అమ్మేవాళ్ళం.

రైతుల కాయలు పోయేది మిల్లు మెస్సులకు. వంటవాడు కాయను అడ్డంగా చక్రాలు కోసి సాంబారులో వేస్తాడు. పంక్తిలో మనిషికి ఒక చక్రం పడాలి. పక్కవాడిది పెద్దదై తనది చిన్నదైతే, షిఫ్టు దిగి వచ్చినవాడు వంటవాడి గరిటె పట్టుకుని తగవుకు దిగుతాడు. అందుకని మెస్సు కాంట్రాక్టర్లు మా గింజ కాయనే అడిగి తీసుకునేవాళ్ళు.

పురట్టాసి నెలలో, దసరా రోజుల్లో, మాణిక్కం బండి తోలుకొచ్చి అంగడి ముందు ఆపాడు. మాణిక్కం వాగు పక్కన కౌలుకు చేసేవాడు. గోనెసంచి విప్పి కాయలు నేల మీదికి దొర్లించాడు. కొన్ని పొడుగు. కొన్ని బిందెలా గుండ్రం. కొన్నిటికి మెడ సన్నం, కడుపు లావు. ఒకటి కొంగ మెడలా వంగి ఉంది.

"ఏంది సుబ్బరాయన్నా ఇది? నీ అంగట్లో నేను కొన్నది సొరగింజా, బొమ్మలకొలువా?"

ఇంట్లో అప్పుడు కొలువు పెట్టే ఉంది. అంగట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. అన్న నవ్వలేదు.

"నీ ఒక్క చేన్లోనా?"

"నా చేన్లో, మా బావ చేన్లో, కింద కరుప్పుసామి పెద్దాయన చేన్లో. కాంట్రాక్టరు బండి దగ్గరికే రానీలే. ఇవి కూరకా, గుళ్ళో మేళానికా అని అడిగినాడు. అందరి ముందరా అడిగినాడు."

అన్న ఒక గుండు కాయను ఎత్తి, తిప్పి చూసి, గోటితో తట్టి, కింద పెట్టాడు.

"నీ చేను పక్కన ఏముండాది?"

"పక్కన ఏముంటాది? వాగు."

"వాగు గట్టు మీద?"

"ఆండి గుడిసె."

"గుడిసె మీద?"

మాణిక్కం నేల మీది గుండు కాయను చూశాడు. "సొరపాదు. గుండు సొర."

"చూసినావా మరి," అన్నాడు అన్న.

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ పాదే కారణం అన్న మాట మాణిక్కం నోటి నుంచి వచ్చింది. ఇంటికి పోయేలోపు అతను దాన్ని సంతవీధి అంతా చెప్పుకుంటూ పోయాడు.

మా అమ్మ వల్లియమ్మ లోపలి గడప దగ్గర నిలబడి వింటూ ఉంది. "వాళ్ళ గాలి ఊరికే పోతాదా," అంది. ఆండి వాళ్ళది మా వాళ్ళు ముట్టని కులం. వాళ్ళ ఇంట్లో మాట్లాడేదీ మాలాగే తెలుగే. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

మరునాడు వాగు గట్టుకు పోయాను. ఆండి వాళ్ళు అక్కడికి వచ్చి అప్పటికి ఆరు నెలలు. అంతకుముందు కోయంబత్తూరులో ఒక మిల్లులో ఆండి పత్తి విదిలించే చోట పనిచేసేవాడు. దగ్గు పట్టుకుంది. పని పోయింది. దానితోపాటు మిల్లు లైనులో ఇల్లు పోయింది. ఆ ఏడు చిత్తిరైలో, ఎండలు ముదిరే నెలలో, వచ్చి గుడిసె వేసుకున్నారు. ఆడిలో పొన్ను గుండు సొర గింజ వేసింది.

గుండు సొర కూరకు కాదు. కాయ తీగ మీదే ముదిరి, ఎండి, ఊపితే లోపల గింజ గలగలలాడేదాకా ఉంచితే డొల్ల అవుతుంది. రెండు డొల్లలను తాడుతో జత కట్టి నడుముకు బిగిస్తే ఈత రానివాడు బావిలో మునగడు. మా వైపు చిత్తిరైలో ప్రతి బావిలోనూ ఈత నేర్చుకునే పిల్లలుంటారు. పొన్ను తల్లి ఆ వ్యాపారం చేసేది. పొన్నుకు అన్నూరులో అది మొదటి కాపు. ఆ ఇంట్లో ఇంకొక సంపాదన లేదు.

నేను పోయేసరికి ఆమె కప్పు మీది కాయల కింద గడ్డి చుట్టలు పెడుతూ ఉంది. కాయ నేలకో కట్టెకో ఆనితే ఒక పక్క చదునవుతుంది, చదునైన డొల్ల నీళ్ళలో ఒరుగుతుంది, కొనరు.

"చిన్నయ్యా, మా పాదు గాలి వాళ్ళ చేనికి పోతాదంటనే," అంది దిగకుండానే. "వాళ్ళ చేని గాలి మా పాదుకు రాదా? నా కాయ ఒక్కటన్నా పొడుగైనాదేమో చూడు."

"నువ్వు ఊరికుండు," అన్నాడు ఆండి లోపలినుంచి. "పేపరాయనతో నీకు వాదం ఏంది."

"వాదం కాదు, అడుగుతా ఉండా. తై దాకా, పొంగలు నెల దాకా తాళమని చెప్పు చిన్నయ్యా. తై దాటితే కాయ ఎండతాది. అప్పుడు వచ్చి పీక్కోమను. కొడవలి నేనే ఇస్తా."

కోయంబత్తూరుకు తిరిగిపోయేటప్పుడు మాణిక్కం కాయల్లో నాలుగు సంచిలో వేసుకున్నాను. వ్యవసాయ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే కుప్పుస్వామి నాకు తెలిసినవాడు. ఆయన కాయలను బల్ల మీద వరసగా పెట్టి అడిగిన మొదటి ప్రశ్న:

"ఇవి ఒకే తీగవా, వేరువేరు తీగలవా?"

నాకు తెలియదన్నాను.

"పోయి చూసి రండి. పేపరువాళ్ళు మీరే గదా."

తర్వాతి ఆదివారం మాణిక్కం చేన్లో తీగ తర్వాత తీగ పట్టుకుని మొదలు నుంచి కొస దాకా నడిచాను. గుండు కాయలు కాసిన తీగకు అన్నీ గుండ్రమే. పొడుగు కాసిన తీగకు అన్నీ పొడుగే. మెడ ఉన్న కాయలు మెడ ఉన్న తీగకే. ఒక తీగకు రెండు రూపాలు ఎక్కడా లేవు. కరుప్పుసామి చేన్లోనూ అంతే.

ఆ మాట చెప్పాక కుప్పుస్వామి ఒక కాయను నిలువుగా కోశాడు.

"ఈ తోలు, ఈ కండ తల్లితీగవి. పుప్పొడి ఎక్కడినుంచి వచ్చినా వీటి రూపాన్ని మార్చలేదు. పుప్పొడి చేరేది ఇదిగో, ఈ గింజలోకి. గింజ మాత్రమే ఇద్దరిదీ. దాన్ని నాటి, అది తీగై కాసినప్పుడు గాని రెండోవాడు ఎవరో బయటపడదు."

"అంటే మాణిక్కం కాయల రూపం?"

"ఆడిలో ఆయన గింజ కొన్నప్పుడే ఖాయమైపోయినాది. ఆ గింజ పోయినేడు పుట్టింది. పోయినేడు ఆ గుడిసె అక్కడ ఉండిందా?"

"లేదు."

"అప్పుడు ఆ పాదు మాట వదిలేయండి." ఆయన కాయలను మళ్ళీ చూశాడు. "ఇంకొకటి. ఇన్ని రూపాలు ఒకేసారి వచ్చినాయంటే ఇది పోయినేటి సంగతి కూడా కాదు. అంతకు ముందే పొడుగూ గుండూ కలిసినాయి. అట్ల కలిసి పుట్టిన మొదటి తరం అంతా ఇంచుమించు ఒకే మాదిరి ఉంటాది. పొడుగు కొంచెం తగ్గి, లావు పెరిగి, బలంగా కాస్తాది. చూసినవాడు మురిసిపోతాడు. ఆ కాయల గింజ తీసి నాటితే, దాగినవన్నీ మనవళ్ళలో విడిపోయి బయటికొస్తాయి. గుండు, పొడుగు, మధ్యలోవి, అన్నీ. రెండేళ్ళ కింద మీ గింజచేన్లో గుండు సొర ఏదైనా పూసిందా?"

పూసింది. ఆ గింజ వేసిన రోజు నేను అక్కడే ఉన్నాను.

మా వాళ్ళలో కోడలు అత్తింటికి వచ్చేటప్పుడు పుట్టింటి గింజ కొంగున కట్టి పంపుతారు. తొలి ఆడికి ఆ గింజను అత్త తన చేత్తో అత్తింటి నేలలో వేయాలి. రెండిళ్ళ గింజ ఒకే నేలలో కాస్తే కోడలు ఆ ఇంట్లో నిలుస్తుందని నమ్మకం. అన్న పెళ్ళి 1955 వైగాసిలో జరిగింది. వదిన ధనభాగ్యం వాడిపట్టి పిల్ల. ఆమె కొంగున వచ్చింది సొరగింజ. వాళ్ళ ఊళ్ళో కాసేది మెడ సన్నగా, అడుగు బిందెలా ఉండే కాయ. వేరే ఇళ్ళలో అయితే పెరట్లో వేస్తారు. మా ఇంటికి నేలంటే గింజచేనే. అమ్మ పసుపు రాసి, నడిమధ్యలో గుంట తీసి వేసింది. అందరం నీళ్ళు పోశాం.

మరుసటి ఏడు గింజచేన్లో కాయలు ఎప్పటికంటే లావుగా వచ్చాయి. అన్న వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. అన్నిటికంటే లావు కాయలు ఏరి, వాటి గింజనే అమ్మకానికి తీశాడు. 1957 ఆడిలో రైతులు కొన్నది అదే.

కుప్పుస్వామి దగ్గరినుంచి బస్సెక్కి ఇంటికి వచ్చి, ఆ రాత్రి భోజనం దగ్గర అన్నకు అంతా చెప్పాను. తీగల సంగతి, కోసిన కాయ సంగతి, రెండేళ్ళ కిందటి సంగతి. అమ్మ అప్పటికే తిని పడుకుంది. వదిన వడ్డిస్తూ ఉంది. నేను చెప్పినంతసేపూ అన్న తింటూనే ఉన్నాడు. మధ్యలో రసం పోయించుకున్నాడు.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"మాణిక్కం సంచి దొర్లించినప్పుడే. ఆ మెడ మా మామ ఇంటి పందిరి మీద చూసినా గదా."

"మరి ఆండి గుడిసె మాట ఎత్తింది యాల?"

"నేనెక్కడ ఎత్తినా? పక్కన ఏముండాది అని అడిగినా. అడిగేది తప్పా?" ములక్కాడ నమిలి పిప్పి ఆకు చివర పెట్టాడు. "అమ్మ చేత్తో వేసిన గింజ అది. అమ్మ వల్ల చెడింది అని అంగట్లో నిలబడి చెప్పమంటావా? ఇవతల ఇది కడుపుతో ఉండాది. దీని గింజ వల్ల చెడింది అని చెప్పమంటావా? తాత పెట్టిన పేరు ఇది. ఆ పాదుకు ఏం పేరుండాది చెప్పు."

"ఆ పాదు వాళ్ళ కూడు."

"వాళ్ళకు ఇంగొక పని దొరుకుతాది. విడు తంబి."

పళ్ళ సందులో ఇరుక్కున్న పీచును గోటితో లాగి, చూసి, ఆకులో తుడిచాడు. వదిన చేతిలో మజ్జిగ చెంబు ఉంది. అది అడగకుండానే నా ఆకులో పోసింది. నేను ఆకు మడిచి లేచాను. ఆ రోజునుంచి అన్న ఎదురుగా కూర్చుని తినలేదు.

పొద్దున పెరట్లో వదిన గిన్నెలు తోముతూ ఉంది. నా వైపు చూడకుండా మాట్లాడింది.

"రెండు గింజలు ఒక నేలలో కాస్తే కోడలు నిలుస్తాది అన్నారు. నిలిచినా. ఇప్పుడు ఆ గింజే ఇంటికి చేటు అని తెలిస్తే అత్త నన్ను ఏ బస్సు ఎక్కిస్తాదో నీకు తెలుసు గదా తంబీ."

"పొన్ను సంగతి?"

"పొన్నుకు పాదు పోతాది. నాకు ఇల్లు పోతాది. నేను పొన్ను మంచి చూసేదా, నా కడుపు మంచి చూసేదా?" గిన్నె బోర్లించింది. "నా పేరు రాకుండా చెప్పగలిగితే చెప్పు. నేను వద్దనను."

ఐప్పసిలో ఆ సోమవారం సాయంత్రం రైతులు అంగడి ముందు చేరారు. మాణిక్కం, అతని బావ, కరుప్పుసామి, ఇంకొందరు. పొన్నును గాని ఆండిని గాని పిలవలేదు. అన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. అందరికీ కాఫీ తెప్పించాడు.

నేను చేతిలో రెండు కాయలు పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను.

"మాణిక్కన్నా, నీ చేన్లో ఒకే తీగకు పొడుగూ గుండూ రెండూ కాసినాయా?"

"లేదు."

"గాలి వల్లయితే ఒకే తీగలో కొన్ని కాయలు మారాలి, కొన్ని మారకూడదు. మారితే తీగ తీగంతా మారి ఉండాది. అంటే తేడా గింజలోనే ఉండాది. కాయ తోలు తల్లితీగది, పుప్పొడిది కాదు. కాలేజీలో అడిగి వచ్చినా."

"తోలు తల్లిదా?" అన్నాడు కరుప్పుసామి. "అట్లయితే మా వాడి ముక్కు నాది కాదా?"

"ఆ సంగతి మీ ఇంట్లో అడుగు మామా," అన్నాడు మాణిక్కం బావ.

అందరూ నవ్వారు. కరుప్పుసామే ఎక్కువ నవ్వాడు.

"గింజ పోయినేడు పుట్టింది," అన్నాను. "పొన్ను వచ్చింది ఈ ఏడు."

నవ్వు తగ్గింది. మాణిక్కం కాఫీ గ్లాసు కింద పెట్టాడు. అతను తెలివి తక్కువవాడు కాదు.

"సరే తంబీ. నువ్వు చెప్పేదే నిజం అనుకో. అప్పుడు తప్పు గింజది. గింజ ఈ అంగటిది. మీ అన్న ముందరే కూర్చోని ఉండాడు. అడిగేదా?"

"అడుగు," అన్నాను.

తలుపు వెనక వదిన గాజులు ఒకసారి కదిలి ఆగాయి. అన్న మాణిక్కం వైపు చూస్తూ ఉన్నాడు. ఆడి వస్తే మాణిక్కానికి గింజ ఇచ్చేది, ఎరువు ఇచ్చేది మా అన్నే. అన్నూరులో అప్పటికి ఇంకొక విత్తనాల అంగడి లేదు.

మాణిక్కం తువ్వాలు తీసి భుజం మార్చుకున్నాడు.

"గుండు సొర ఊళ్ళో ఉంటే ఎప్పటికైనా చేటే," అన్నాడు.

"ఆమా, నిజమే," అన్నాడు అతని బావ.

"ఒక పాదు తీసేస్తే పోయేదేముండాది," అన్నాడు అన్న. "తీసి చూద్దాం. వచ్చే ఆడికి గింజ నేను ఊరికే ఇస్తా."

కరుప్పుసామి ఇంకొక కాఫీ అడిగాడు. వచ్చింది.

మంగళవారం పొద్దున ఏం జరిగిందో మొదట్లోనే రాశాను. మధ్యాహ్నం పొన్ను తెంపిన కాయలన్నీ పెద్ద తట్టలో వేసుకుని అంగడి ముందుకు వచ్చింది. మెట్టు ఎక్కలేదు. తట్ట వీధిలో దించింది.

"సామీ, వీటిని ఏం చేసేది?"

"పశువులకు వేయి," అన్నాడు అన్న.

"పశువు లేదు సామీ. మీకుండాయి. వేసుకోండి."

కాయలు అక్కడే వంచి, ఖాళీ తట్ట తీసుకుని పోయింది. ఏడవలేదు, తిట్టలేదు. ఆమె నిలబడిన చోట అమ్మ పేడనీళ్ళు చల్లించింది.

కాయలను తీసేవాళ్ళు లేరు. ఆమె తాకినవని అమ్మ ఇంట్లోవాళ్ళను ముట్టనివ్వలేదు. అంగట్లో పనిచేసేవాళ్ళు, మీరే ముట్టనివి మేం యాల ముట్టేది అన్నారు. వాన పడింది. తర్వాత ఎండ కాసింది. కాయలు మెత్తబడి, పగిలి, లోపలి కండ పసుపు నీళ్ళై వీధిలో పారింది. ఈగలు అంగట్లోకి వచ్చాయి, అక్కడినుంచి వంటింట్లోకి వచ్చాయి. అమ్మ సాంబ్రాణి వేసింది. వదిన రెండుసార్లు వాంతి చేసుకుంది. కడుపుతో ఉంది గదా అన్నారు. ఆ వాసనలోనే మూడు పూటలా ఆకులు వేసి అన్నాలు తిన్నారు. కొనేవాళ్ళు ముక్కు మూసుకుని గింజ బేరం చేశారు. చివరికి పంచాయతీ చెత్తబండి ఎత్తుకుపోయింది.

నేను పత్రికకు వార్త రాశాను. కాలేజీ చెప్పింది, చేన్లో చూసింది, పాదు కోయడం, మూడూ రాశాను. అచ్చయింది నాలుగు వాక్యాలు: అన్నూరు ప్రాంతంలో సొర దిగుబడిలో తేడాలు కనిపించాయి, రైతులు కలతపడుతున్నారు. పొన్ను పేరు లేదు. మా అన్న పేరూ లేదు.

కూరకు పనికిరాని గుండు కాయలు రైతుల చేలల్లో తీగల మీదే ఉండిపోయాయి. కార్తిగైలో వాటిని దున్నేస్తారనుకున్నాను. దున్నలేదు. తై తర్వాతి మాసి నెలలో మాణిక్కం వాటిని బండిలో వేసుకుని మా అంగడికి తెచ్చాడు. ఎండి, ఊపితే గలగలలాడుతూ ఉన్నాయి. 1958 చిత్తిరైలో మా అంగడి ముందు సొరడొల్లలు జతలు జతలుగా వేలాడాయి. పిల్లలను వెంటపెట్టుకుని తండ్రులు వచ్చి కొన్నారు.

"ఇవి ఎక్కడివి?" అని అన్నను అడిగాను.

"మన గింజ కాయలే. పారేయమంటావా?"

"పొన్ను ఏం చేస్తా ఉండాది?"

"నేనేం కావలి కాస్తా ఉండానా?"

పొన్ను ఆ వేసవి రాళ్ళు మోసే పనికి పోయింది. రోడ్డు పని. మేస్త్రీని అడిగితే, వారంలో సగం రోజులు వచ్చేదని, సగం రోజులు మొగుణ్ణి చూసుకునేదని చెప్పాడు.

ఆడిలో అన్న మాట ప్రకారం గింజ ఊరికే ఇచ్చాడు. పురట్టాసిలో మళ్ళీ అన్ని రూపాల కాయలూ వచ్చాయి. వాగు గట్టు మీద గుడిసె కప్పుకు ఆ ఏడు ఏ పాదూ లేదు. వేరు భూమిలో ఉండిపోయి ఉంటాదని కరుప్పుసామి అన్నాడు.

ఆ కార్తిగైలో ఆండి చనిపోయాడు.

అదే నెలలో అన్న నాకు చెప్పకుండా కోయంబత్తూరు వచ్చి కుప్పుస్వామిని కలిశాడు. ఈ సంగతి కుప్పుస్వామి నాతో చెప్పాడు. అన్న చాలాసేపు కూర్చున్నాడట, మంచి ప్రశ్నలు వేశాడట. "మీ అన్నకు ఒకసారి చెబితే పట్టుకుంటాడు సార్," అన్నాడు. అన్న అక్కడినుంచి కలవని పొడుగు సొర గింజ తెచ్చుకున్నాడు. దాన్ని కలవకుండా కాపాడే పద్ధతి నేర్చుకుని వచ్చాడు. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. విచ్చుకోకముందే ఆడమొగ్గకు, మగమొగ్గకు విడివిడిగా గుడ్డ కట్టాలి. చీకటి పడే వేళకు మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రాసి, మళ్ళీ గుడ్డ కట్టాలి. అట్లా కట్టిన పువ్వు కాయైతే దాని గింజనే ఉంచుకోవాలి.

గింజచేన్లోని పాత తీగలన్నీ పీకించాడు. ఏటా తిరిగి వేస్తూ వచ్చిన వదిన పుట్టింటి పాదు కూడా పోయింది. అమ్మకు పురుగు పట్టిందని చెప్పాడు. అప్పటికి వదిన ఒళ్ళో ఎనిమిది నెలల ఆడపిల్ల ఉంది. ఆ పాదు పీకేటప్పుడు వదిన చేనికి పోలేదు.

తై నెలలో కొత్త గింజ వేశారు. పూత వేళకు సాయంత్రం పనికి ఆడమనిషి కావాల్సి వచ్చింది. చేయి తేలిక ఉండాలి, సొరపాదు తీరు తెలిసి ఉండాలి. అన్న పొన్నుకు కబురు చేశాడు. ఆమె అంగడి ముందుకు వచ్చి వీధిలో నిలబడింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

"కూలి రోజువారీ," అన్నాడు అన్న. "ఒక షరతు. గట్టు మీద నీ ఇంటికి ఏ సొరపాదూ పాకించకూడదు. పక్క పాదు పుప్పొడి పడితే గింజ చెడతాది. ఈ ఏడు కాయలో తెలియదు. వచ్చే ఏటి కాయలో తెలుస్తాది."

కారణం ఈసారి సరిగ్గానే చెప్పాడు.

పొన్ను సరేనంది. మాసిలో తీగలు పూతకు వచ్చిన రోజునుంచి పనికి వచ్చింది.